ఆక్సిజన్ అంటే గాలి కాదు

"బండి ఉన్న ప్రతి ఒక్కరూ చదవాల్సిన 5 రహస్యాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి చదివి వదిలేశాను. రెండోసారి మా బావమరిది పంపాడు, అప్పుడూ సర్లే అనుకున్నాను. నిన్న మా షెడ్డులో పనిచేసే కుర్రాడే "అన్నా, ఇది నిజమేనా?" అని ఫోన్ పట్టుకొచ్చి చూపించాడు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

చిన్నవి ముందు చూద్దాం. ఎండాకాలంలో ట్యాంకు నిండా కొట్టిస్తే పేలిపోతుందట. పేలదు, ఏళ్ల తరబడి తిరుగుతున్న పుకారు ఇది. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోల్ పోయిస్తే పవర్ పెరుగుతుందట. సిలిండర్లో ఒత్తిడికి పెట్రోల్ తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే నంబరు అది. 91 సరిపోయే ఇంజిన్‌లో 95 పోస్తే పెరిగేది బిల్లే.

ఆక్సిజన్ సెన్సర్ పీకేస్తే మైలేజి వస్తుందన్నది మూడోది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌కి, చెప్పేదే ఆ సెన్సర్. బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ అనే లెక్క తప్పకుండా కాసేది అదే. దాన్ని పీకితే ఈసీఎం అంచనా మీద నడుస్తుంది, మామూలుగా పెట్రోల్ ఎక్కువే పోస్తుంది, పోనుపోను పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది. మైలేజి ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగోది, ఈ20తో, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో, మైలేజి తగ్గుతుందని. ఇది నిజం. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే, అందుకే లీటరుకి దాంట్లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే లెక్క ప్రకారం ఆరేడు శాతం శక్తి పోతుంది. మొన్నటిదాకా నేనే కస్టమర్లతో "మీరు నడపడంలోనే ఉంది" అని వాదించాను. వాళ్లే కరెక్ట్, తప్పు నాది.

అసలు కోపం అయిదోదాని మీద. ట్యాంకుకి చిల్లు పడితే పెట్రోల్ తీసేసి, గ్యాస్ వెల్డింగ్ ఆక్సిజన్ పైపు పెట్టి రెండు నిమిషాలు ఊది, వెంటనే వెల్డింగ్ చేయించుకోవచ్చట. "ఆక్సిజన్ మండదు కాబట్టి భయం లేదు" అని కింద ధైర్యం కూడా చెప్పారు.

ఆక్సిజన్ మండదు, ఆ ఒక్క మాట నిజం. మండేది మిగతాదంతా! పెట్రోల్ తీసేసిన ట్యాంకు ఖాళీది కాదు, దాన్నిండా ఆవిరి ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, మీరు ఊదింది అచ్చమైన ఆక్సిజన్. ట్యాంకు అతుకుల్లో, తుప్పులో పట్టుకున్న పెట్రోల్ రెండు నిమిషాల్లో పోదు, మళ్లీ ఆవిరవుతూనే ఉంటుంది. అది ఇంకా తేలిగ్గా అంటుకుని, ఇంకా గట్టిగా పేలేలా చేసి, దాని మీద మూడు వేల డిగ్రీల మంట పెట్టమంటున్నారు. ఇది రాసినవాడు ఒక్కసారైనా వెల్డింగ్ టార్చి పట్టుకున్నాడా?

చాలా ఏళ్ల కిందట పక్క షెడ్డులో స్కూటర్ ట్యాంకు ఇలాగే పేలింది. అతుకు మొత్తం విచ్చుకుని, అడుగు రేకు పైకప్పుకి కొట్టుకుని కిందపడింది. పని చేస్తున్న కుర్రాడి కనుబొమలు, మోచేతి దాకా చర్మం కాలిపోయాయి. "గాలే కదా అన్నా కొట్టింది" అన్నాడు ఏడుస్తూ. షెడ్లలో ఆక్సిజన్‌ని కూడా గాలి అనేయడం మనకి అలవాటు. కంప్రెసర్ లేనప్పుడు ఆ సిలిండర్‌తోనే పెట్రోల్ పైపు ఊదేవాళ్లూ, టైరు నింపేవాళ్లూ ఉన్నారు. నిండు సిలిండర్లో 150 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది. వాల్వు ఠక్కున తిప్పితే రెగ్యులేటర్‌లో పుట్టే వేడికే కాస్త గ్రీజు భగ్గుమంటుంది.

ట్యాంకు లీకైతే ముందు బండి నుంచి ఊడదీయండి. ప్లాస్టిక్‌దైతే మార్చడమే. రేకుదైతే సబ్బు కలిపిన వేడినీళ్లతో పదేపదే కడిగి, మూత తీసి ఉంచి, చిల్లు పైకి వచ్చేలా పెట్టి, దాని కిందిదాకా నీళ్లు నింపాకే, అదీ ట్యాంకుల పని తెలిసినవాళ్లే ముట్టుకోవాలి. ఇంట్లో, రోడ్డు పక్కన వద్దు.

నిన్న మా కుర్రాడు ఫోన్ చూపించినప్పుడు స్క్రీన్ నిండా గ్రీజు వేలిముద్రలు. ఆ చేత్తోనే వెళ్లి ఆక్సిజన్ వాల్వు తిప్పబోయాడు. ఆపి, చేతులు కడిగించి, రెగ్యులేటర్ మీద వేలాడుతున్న నూనెగుడ్డ తీసి బయట పారేయించాను.