సత్యంలో "వద్దు" అన్నదెవరు?

2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ గవర్నెన్స్ (కంపెనీని నడిపే తీరు) బ్రహ్మాండం అని హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు, నాలుగు నెలలు తిరక్కుండానే 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లెటర్ రాసి ఖాతాల్లో ఉందని చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. అప్పట్నుంచి దీన్ని ఒక్క మనిషి దురాశ కథగానే చెప్పుకుంటున్నాం. మాకు మాత్రం అది సగం కథే.

ఆ లెటర్‌లోనే ఉంది చూడండి, 2008 జూలై-సెప్టెంబర్ క్వార్టర్‌లో అసలు మార్జిన్ (ఖర్చులు పోగా మిగిలింది) 61 కోట్లు, చూపించింది 649 కోట్లు. మొదట్లో తేడా కొంచెమే, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని ఆయనే రాశారు. ఈ క్వార్టర్‌కి ఎలాగోలా సర్దేద్దాం వచ్చేసారి పూడ్చేద్దాం అనే మాట ఏ ఆఫీసులో వినపడదు? టార్గెట్ పైనుంచి వస్తుంది, ఇంక్రిమెంట్ దానికే ముడిపెడతారు, పక్క సీటాయన కూడా అదే చేస్తుంటాడు, ఇంక మేనేజర్‌కి అది తప్పులా ఎందుకు కనపడుతుంది, డ్యూటీలాగే ఉంటుంది. లేని ఆదాయం చూపించే దొంగ ఇన్‌వాయిస్‌లు (బిల్లులు) రాజుగారొక్కరే కూర్చుని టైప్ చేయలేదు కదా! 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ స్పెషల్ కోర్టు శిక్ష వేసింది పదిమందికి, అందులో ఫైనాన్స్ ఉద్యోగులున్నారు, ఇంటర్నల్ ఆడిట్ పెద్ద ఉన్నారు, బయటి ఆడిటర్లూ ఉన్నారు.

పోనీ చదువు లేదా అంటే బోర్డులో పేరున్న బిజినెస్ స్కూళ్ల ప్రొఫెసర్లే ఉన్నారు. 2008 డిసెంబర్ 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు కొనే డీల్‌కి ఆ బోర్డే ఓకే చెప్పింది. డబ్బు పెట్టిన ఇన్వెస్టర్లు గొడవ చేస్తే గంటల్లో వెనక్కి తీసుకున్నారు. అదే నెలలో ఒక డైరెక్టర్‌కి కంపెనీ లెక్కల గురించి మెయిల్ వచ్చింది, మారుపేరుతో. సొంత పేరుతో రాసే ధైర్యం ఎవరికుంటుంది అక్కడ?

2013 కంపెనీల చట్టం వచ్చాక ఆడిటర్లని కొన్నేళ్లకోసారి మార్చాలన్నారు, లిస్టెడ్ (షేర్ మార్కెట్లో ఉన్న) కంపెనీల్లో ఉద్యోగులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండాలన్నారు, మంచిదే. కానీ ఫిర్యాదు చేసినాయన అప్రైజల్ మళ్లీ ఆ బాసే రాస్తే ఏం లాభం? అందుకే అలాంటి ఉద్యోగి ట్రాన్స్‌ఫర్, అప్రైజల్ రెండేళ్లపాటు ఆడిట్ కమిటీ (బోర్డులో లెక్కలు చూసే కమిటీ) సంతకం లేకుండా కదలకూడదని, పెద్ద మేనేజర్ల బోనస్‌లో కొంత మూడేళ్లు ఆపి లెక్కలు నిలబడ్డాకే చేతికివ్వాలని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీని అడుగుతున్నాం.