ఏ ఎర్రరైతేనేం, వచ్చింది గదా!

మడికొండలో కూసొని సాఫ్ట్‌వేర్ రాసే మాబోటోళ్లం ఒక మహా సత్యాన్ని కనుక్కున్నం. ప్రోగ్రాం సక్కగ నడుస్తాందా అని చూసే టెస్టులో ఎర్రర్ రావాలె అని ఉంటే, వస్తే చాలు. ఏ ఎర్రర్ అని అడుగుడు మర్యాద కాదు.

మా దగ్గర ఒక టెస్టుంది. ఒకే ఫోన్ నంబరుతోని రెండోసారి రైతును ఎక్కించబోతే మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 1062, అంటే 'ఇది ముందే ఉంది' అనే ఎర్రర్ నంబరు చెప్పి అడ్డం పడాలె. మా టెస్టు ఆ అంకె జోలికి పోదు, ఏది వచ్చినా పచ్చ టిక్కే. ఎనిమిది నెలలు పెట్టింది. తీరా చూస్తే టెస్టులో ఫార్మర్స్ అనే టేబుల్ పేరుల ఒక 'ఆర్' ఎగిరిపోయింది. డేటాబేస్ రోజూ 1146, 'ఆ పేరుతో టేబులే లేదు' అని మొత్తుకుంటాంటే, మేం రోజూ శభాష్ అన్నం. నడుమల ఎవరో, ఒకే నంబరు రెండుసార్లు ఎక్కకుండ ఆపే యూనిక్ ఇండెక్స్ పీకేసిండ్రు. అది మాకు చెప్పింది టెస్టు కాదు, మూడుసార్లు ఎక్కిన ఒక రైతు. "డబ్బులు పడ్డయని మూడు మెసేజీలొచ్చినయ్, పడ్డది ఒక్కసారే. మిగిలిన రెండుసార్లయి ఏవి సారూ?"

మా పద్ధతి ఎనుమాముల మార్కెట్‌కు కూడా పనికొస్తది. తేమ 12 శాతం దాటితే సర్కారు పత్తి సంస్థ సీసీఐ పత్తి కొనదు. ఆ నిబంధన నడుస్తాందా చూడాలంటే తడిపత్తి ఏసుకొని సెలవురోజు పోవాలె. గేటుకు తాళం. పత్తి కొనలే, బండి వాపసొచ్చింది. తేమ పరీక్ష పాస్!

కొత్తగా చేరిన కాజీపేట పిల్ల "ఏ ఎర్రర్ నంబరో చూడాలె గదన్నా" అన్నది. ఒక పెద్దమనిషి మధ్యేమార్గం చెప్పిండు: 23000 అనే ఉమ్మడి కోడ్ చూస్తే సరిపాయె. మైఎస్‌క్యూఎల్‌ల ఆ గొడుగు కింద డూప్లికేటు 1062, ఖాళీ ఉండొద్దన్న గడిల ఖాళీ పెడితే వచ్చే 1048, ఇంకో టేబుల్‌ల లేనిదాన్ని చూపెడితే (ఫారిన్ కీ తెగితే) వచ్చే 1452 అన్నీ కలిసిమెలిసి ఉంటయ్. పిల్ల ఒప్పుకోలే.

ఆఖరికి సీనియరన్న దిగొచ్చిండు. మైఎస్‌క్యూఎల్‌టెస్ట్ అనే టెస్టు పనిముట్టుల, రైతును ఎక్కించే ఆ ఇన్సర్టు మీది లైనుల ఎర్రర్ 1062 అని రాసిండు. ఇంకోటి వస్తే ఫెయిల్, ఏదీ రాకపోయినా ఫెయిల్. పిల్ల మొకం వెలిగింది. తెల్లారి చూస్తే 1062 పక్కన ఒక సున్నా చేరింది. సున్నా అంటే ఎర్రర్ రాకున్నా పాసే.

"ఇదెందుకన్నా?"

"ఉండనియ్ చెల్లె, సేఫ్టీకి."