పొద్దున్నే పోదాంలే అనుకునే రాత్రుల్లో

వానాకాలం ముదిరేసరికి ఉత్తర తెలంగాణలో పిల్లలున్న దాదాపు ప్రతి ఇంటినీ జ్వరం ఒక్కసారైనా పలకరించి పోతుంది. చాలావరకు మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోయే వైరల్ జ్వరాలే. కొన్ని మాత్రం గంటల్లో ముదురుతాయి. మొదటి రాత్రి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే తల్లిదండ్రులకు అంత టెన్షన్. ఇప్పుడే ఆస్పత్రికి పరుగెత్తాలా, తెల్లారేదాకా ఆగొచ్చా? దీన్ని తేల్చుకోవడానికి మన ఇళ్లలో నడుస్తున్న పద్ధతి సరైంది కాదని నా అభిప్రాయం.

రాత్రి పదకొండింటికి ఆ చర్చ ఎలా నడుస్తుందో మనకు తెలియంది కాదు. పొద్దంతా బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి "బిడ్డ ఎట్లనో ఉన్నది" అంటుంది. అత్తమ్మ దిష్టి తీస్తుంది. "పిల్లలన్నంక జరం రాదా" అని మామ సర్దిచెబుతాడు. భర్త వేరే ఊళ్లో ఉంటే ఫోన్లో ఉంటాడు. బండి ఎవరిని అడగాలి, చేతిలో ఎన్ని పైసలున్నాయి, ప్రైవేటుకు పోతే ముందుగా ఎంత కట్టమంటారు, వరంగల్ పెద్దాసుపత్రి ఎంజీఎంకు పోతే ఈ వేళకు పెద్ద డాక్టరు ఉంటాడా. అన్నీ చర్చకు వస్తాయి. చివరికి "పొద్దున్నే పోదాంలే" అని అందరూ పడుకుంటారు. అంతసేపు మాట్లాడుకున్నా, బిడ్డ ఊపిరి ఎలా తీస్తోందో చొక్కా పైకెత్తి చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

అందరూ చూసేది థర్మామీటరే. 104 ఉంటే ఇల్లంతా హడావిడి, 99 ఉంటే ఏం కాదులే అని ధీమా. కానీ మూడు నెలలు దాటిన పిల్లల్లో ఆ అంకె ఒక్కటే జబ్బు ఎంత పెద్దదో చెప్పదు. 103 జ్వరం ఉన్నా, పారాసిటమాల్ వేసిన గంటకు లేచి కూర్చుని ఫోన్ కావాలని మారాం చేసే పిల్లాడిని రాత్రికి ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండొచ్చు. వాడు నీళ్లు తాగుతున్నాడు, ఒంటేలు పోస్తున్నాడు, ఊపిరి మామూలుగా ఉంది అంటే పొద్దున ఓపీకి తీసుకెళ్లినా ఆలస్యం కాదు. ఒళ్లు పెద్దగా కాలకపోయినా, పాలు వద్దంటూ, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకునే బిడ్డ విషయంలోనే అసలు భయపడాలి.

మూడు నెలల లోపు పసికందుల సంగతి వేరు. 100.4 దాటితే రాత్రయినా పగలైనా బయల్దేరాల్సిందే. ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోకూడదు. ఆ వయసులో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి, మెదడులోకి పాకడానికి ఎక్కువ సమయం పట్టదు. ఇంకో విషయం చాలా ఇళ్లలో తెలియదు. పసికందు ఒళ్లు చల్లబడటం కూడా అంతే ప్రమాదం. పాలు పట్టక, చేతులు కాళ్లే కాదు పొట్ట కూడా చల్లగా తగులుతుంటే, చలికాలం కదా అని ఇంకో దుప్పటి కప్పి ఊరుకోకూడదు. బిడ్డను తల్లి ఛాతీకి ఆనించుకుని వెంటనే ఆస్పత్రికి కదలాలి.

ఊపిరి లెక్కపెట్టడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎవరైనా చేయగలిగిన పని ఇది, ఇళ్లలో దాదాపు ఎవరూ చేయని పని కూడా. బిడ్డ ఏడుపు ఆపి నెమ్మదించాక, లేదా నిద్రలో, వెలుతురులో పడుకోబెట్టి చొక్కా పైకి తీయాలి. ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టి, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కించాలి. అర నిమిషం లెక్కేసి రెట్టింపు చేయడం కుదరదు, పసిపిల్లల ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా ఉంటుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. అంతకు చేరినా, మించినా ఊపిరి వేగం ఎక్కువైనట్టే. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క. తర్వాత పక్కటెముకల కింది భాగం చూడాలి. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా అక్కడ గుంట పడుతుంటే, మన పెద్దవాళ్లు డొక్కలెగరేయడం అనేది అదే. ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలిగినట్టు చప్పుడు రావడం, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా ఇక చర్చ అక్కర్లేదు. 108కి ఫోన్ చేయాలి.

ఇలాంటి బిడ్డను మనవాళ్లు ఎలా తీసుకొస్తారో ఏ ఆస్పత్రి గేటు దగ్గర నిలబడినా కనిపిస్తుంది. బైకు మీద తండ్రి, వెనక తల్లి, ఇద్దరి మధ్య బిడ్డ. గాలి తగలకూడదని తల నుంచి కాళ్ల దాకా శాలువా చుట్టి, ముఖాన్ని తల్లి ఛాతీకి గట్టిగా అదిమి పట్టుకుంటారు. ముప్పై నలభై కిలోమీటర్లు ఆ బిడ్డ ముఖం ఎవరికీ కనిపించదు. ఊపిరాడని బిడ్డకు ఊపిరి ఇంకా కష్టమయ్యే ప్రయాణం అది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 బండిలో ఆక్సిజన్, శిక్షణ ఉన్న మనిషి ఉంటారు, పైసా కట్టే పని లేదు. బండి వచ్చేసరికి ఆలస్యమవుతుందన్న అసంతృప్తి మారుమూల ఊళ్లలో ఉంది, అందులో న్యాయమూ ఉంది. అయినా ముందు ఫోన్ చేయాలి. బండి ఎంతసేపట్లో వస్తుందో కనుక్కున్నాక ఆటోనో కారో మాట్లాడుకోవాలా అన్నది ఆలోచించాలి. బైకే దిక్కయితే ముఖం మీద గుడ్డ లేకుండా చూసుకోవాలి.

ఊపిరి కాకుండా, ఐదేళ్ల లోపు పిల్లల్లో ఆశా కార్యకర్తలకూ ఏఎన్ఎంలకూ శిక్షణలో నేర్పే ప్రమాద సంకేతాలు మరో నాలుగున్నాయి. బిడ్డ తాగలేకపోవడం లేదా పాలు పట్టకపోవడం, తాగిందంతా వాంతి చేసుకోవడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం. ఏ ఒక్కటి ఉన్నా పెద్ద ఆస్పత్రికి పంపాల్సిందే. ప్రసవం తర్వాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త కనీసం ఆరుసార్లు ఇంటికి రావాలన్నది ప్రభుత్వ నియమం. ఆ రాకల్లో బరువు చూసి, పుస్తకంలో రాసుకుని వెళ్లిపోకుండా ఈ సంకేతాలను తల్లితోపాటు అత్తమామలను, భర్తను కూర్చోబెట్టి చెబితే సగం పని అవుతుంది. ఇప్పుడు తల్లికి చెబుతున్నారు, నిర్ణయం మాత్రం తల్లి చేతిలో ఉండటం లేదు.

ఫిట్స్ గురించి కూడా చెప్పాలి, ఇంట్లో అందరూ వణికిపోయేది అప్పుడే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జ్వరంతో వచ్చే ఫిట్స్ ఎక్కువగా ఐదు నిమిషాల్లోపే ఆగిపోతాయి. చూడటానికి భయంకరంగా ఉన్నా మెదడుకు మామూలుగా హాని చేయవు. ఆ కొన్ని నిమిషాల్లో మనం చేసే పనులే హాని చేస్తాయి. నోట్లో చెంచా పెట్టడం, చేతిలో తాళాలు పెట్టి పిడికిలి బిగించడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, నీళ్లు పోయడం. ఇవేవీ వద్దు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైమ్ చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చినా, ఆగాక బిడ్డ తెలివిలోకి రాకపోయినా అత్యవసరమే. మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే ఆగిపోయినా సరే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

డెంగీది ఇంకో రకం మోసం. నాలుగో రోజో ఐదో రోజో జ్వరం దిగుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చాలామంది పిల్లలకు ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. రక్తనాళాల్లోంచి నీరు బయటకు కారుతుంది, బీపీ పడిపోతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, చిరాకు లేదా మగత ఉంటే, జ్వరం లేదు కదా అని ఆగకూడదు. ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం రోజుకు రెండుసార్లు ల్యాబు చుట్టూ తిరిగే తల్లిదండ్రులు, బిడ్డ ఒంటేలు పోసి ఎన్ని గంటలైందో చెప్పలేకపోతున్నారు. ఆ రెండో లెక్కే ముందు పెట్టుకోవాలి.

వాంతులు, విరేచనాలకూ అదే లెక్క. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఒంటేలు లేకపోవడం, కళ్లు లోపలికి పోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి రావడం కనిపిస్తే ఇంటి వైద్యం ఆపాలి. అంతదాకా రాకుండా కాపాడేది ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, కొంచెం కొంచెం గ్లాసులో కాదు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మే తియ్యటి డబ్బా డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. మెడికల్ షాపులో అడిగేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్ అనే అడగాలి.

కొన్నిటికి లక్షణాల కోసం ఎదురుచూడటమే తప్పు. మనది పత్తి పండే నేల. పురుగుమందు మిగిలితే కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు ఇంకా పోలేదు. బిడ్డ తాగాడన్న అనుమానం వచ్చినా చాలు, కక్కించే ప్రయత్నాలు చేయకుండా ఆ సీసాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎలుకల మందు పేస్టు తిన్న పిల్లలు ఒకటి రెండు రోజులు బాగానే ఆడుకుంటారు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. కట్లపాము కాటుకు వాపు ఉండదు, నొప్పి కూడా అంతగా తెలియదు. కింద పడుకున్న బిడ్డ తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే పాము అనుమానమే రావాలి. గుండ్రటి చిన్న బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలడం మొదలవుతుంది.

ఇక ఆర్ఎంపీల సంగతి. వాళ్లను తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు తడితే తీసేది వాళ్లే. నా అభ్యంతరం వాళ్లు ఇచ్చే సూది మీద. స్టిరాయిడ్ ఇస్తే జ్వరం దిగుతుంది, బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తాడు, లోపల ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఒక సెలైన్ ఎక్కించి చూద్దాం అనుకునేలోపు మరో నాలుగు గంటలు గడుస్తాయి. ఊళ్లో ఆ మనిషిని అడగాల్సింది సూది కాదు, ఊపిరి లెక్కపెట్టి చూడమనీ, 108కి ఫోన్ చేయమనీ అడగాలి.

దూరం కూడా నిర్ణయంలో భాగమే. హన్మకొండలో ఉన్న ఇల్లు ఇంకో గంట ఆగి చూడగలదు. ఏటూరునాగారం అవతల వాగు ఒడ్డున ఉన్న ఇల్లు ఆగలేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు కొండాయిని, మోరంచవాగు మోరంచపల్లిని ముంచేశాయి. అలాంటి చోట్ల మబ్బు పట్టి ఉండి, బిడ్డ ఇంకా ఓ మోస్తరుగానే ఉన్నా సరే, వాగు దాటగలిగినప్పుడే దాటి చుట్టాలింటికి చేరడం తెలివైన పని. అందరూ నేరుగా వరంగల్ దారి పట్టడం కూడా మంచిది కాదు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో, ములుగులో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఫిట్స్ ఆగని బిడ్డకు, ఊపిరాడని బిడ్డకు ముందు కావాల్సింది దగ్గర్లో దొరికే ఆక్సిజన్, ఫిట్స్ ఆపే మందు. ఎంజీఎం ఆ తర్వాత.

తల్లిదండ్రులను వెనక్కి లాగే ఇంకో కారణం ఉంది, దాని గురించి ఆస్పత్రులు ఆలోచించాలి. ముందుగా వెళ్తే "ఇంత చిన్నదానికి ఈ రాత్రి ఎందుకొచ్చారు" అంటారు. ఆలస్యంగా వెళ్తే "ఇన్ని రోజులు ఏం చేశారు" అంటారు. ఒకసారి మాట పడిన తల్లి రెండోసారి వెనకాడుతుంది. ఇంగ్లండ్‌లో తమ బిడ్డ పరిస్థితి దిగజారుతోందని కుటుంబం అనుకుంటే వేరే డాక్టర్ల బృందంతో వెంటనే చూపించుకునే ఏర్పాటును 2024 నుంచి ఆస్పత్రుల్లో తెస్తున్నారు. తల్లి అనుమానాన్ని కూడా ఒక లక్షణంగా తీసుకుంటున్నారన్నమాట. ఇక్కడ అంత ఏర్పాటు రేపే రాకపోవచ్చు. కాజువాలిటీలో మొదట ఎదురయ్యే నర్సు "బిడ్డలో మీకు ఏం తేడా కనిపించింది?" అని అడగడానికి మాత్రం బడ్జెట్ అక్కర్లేదు. ఇంట్లో కూడా అంతే. రోజంతా బిడ్డను చూసిన మనిషి పోదాం అంటే, కాదనేవాళ్లు ముందు చొక్కా ఎత్తి ఊపిరి లెక్కపెట్టి, ఆ తర్వాత మాట్లాడాలి.

చిన్న ఆస్పత్రి వాళ్లు ఎంజీఎంకు తీసుకెళ్లమన్నప్పుడు కంగారులో చీటీ తీసుకోకుండా బయల్దేరేవాళ్లు చాలామంది. ఏ మందు, ఎంత, ఎన్నింటికి ఇచ్చారో రాయించుకోవాలి, బిడ్డ బరువు రాయించుకోవాలి, దారిలో ఆక్సిజన్ అవసరమా అని అడగాలి. అవసరమైతే 108నే పిలిపించమని పట్టుబట్టాలి. బిడ్డ చివరిసారి పాలు ఎప్పుడు తాగాడో, ఒంటేలు ఎప్పుడు పోశాడో తల్లి చెప్పగలదు కాబట్టి, కాజువాలిటీ లోపలికి ఒక్కరినే రానిస్తామంటే వెళ్లాల్సింది ఆమే.