పొదుపు చేసినవారికే కోత

ప్రభుత్వ కార్యాలయాల్లో ఇంధన పొదుపు అనగానే గుర్తొచ్చేది స్విచ్‌బోర్డు పక్కన అంటించిన కాగితం: ‘గది విడిచి వెళ్లేటప్పుడు లైట్లు, ఫ్యాన్లు ఆపండి’. ఏడాదికోసారి వారోత్సవం జరుగుతుంది. సిబ్బందితో ప్రతిజ్ఞ చేయిస్తారు. పెద్ద అధికారి ఒకరోజు సైకిలెక్కి ఆఫీసుకొస్తే ఫొటో పడుతుంది. వారం తిరిగేసరికి ఎక్కడి గొంగళి అక్కడే. సర్కారు సొమ్మంటే సిబ్బందికి లెక్కలేదని నిట్టూర్చి ఊరుకోవడం తేలిక. మా అభిప్రాయంలో అసలు లోపం పద్దులు రాసే తీరులో ఉంది. ఆదా చేసిన సంస్థకు ఆ ఆదాలో పైసా దక్కదు సరికదా, మరుసటి ఏడాది కేటాయింపులో కోత పడుతుంది. ఈ ఒక్క నిబంధన మారనంతవరకు ఎన్ని లక్ష్యాలు ప్రకటించినా అవి కాగితం దాటవు.

ఒక ప్రభుత్వ ఆసుపత్రిని ఊహించుకోండి. కరెంటు బిల్లు కోసం దానికి ఈ ఏడాది 100 కేటాయించారనుకుందాం. సూపరింటెండెంట్ పట్టుబట్టి పాత మోటార్లు మార్పించి, ఏసీల నిర్వహణ దారిలో పెట్టి, బిల్లును 80కి దించారు. మిగిలిన 20తో ఆయన ఓ వార్డుకు కిటికీలు బిగించుకోవచ్చా? కుదరదు. ఆర్థిక సంవత్సరం చివర అది మురిగిపోయి ఖజానాకు చేరుతుంది. వచ్చే ఏడాది కేటాయింపు 80. ఆ ఏడాది ఎండలు ముదిరి, పైగా కొత్త వార్డు తెరిచి బిల్లు 90కి పెరిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మళ్లీ ఆయనే. ఏమీ పట్టించుకోని ఇంకో ఆసుపత్రికి 100 ఎప్పట్లాగే వచ్చేస్తుంది. ఇంత టెన్షన్ నెత్తిన పెట్టుకోవడం కన్నా ఊరుకోవడమే మేలని ఏ అధికారైనా అనుకుంటే ఆయన్ని బద్ధకస్తుడనలేం. లెక్క తెలిసినవాడనాలి.

దీనికి తోడు రెండు పద్దుల తంటా. మోటారు కొనాలంటే మూలధన పద్దు, కరెంటు బిల్లు కట్టాలంటే రెవెన్యూ పద్దు. మొదటిది ఒకరి సంతకం, రెండోది మరొకరిది. చాలా చోట్ల బిల్లు నేరుగా ప్రధాన కార్యాలయానికి వెళ్తుంది, అక్కడే కట్టేస్తారు. భవనంలో పనిచేసేవారికి తమ నెల బిల్లు ఎంతో కూడా తెలియదు. అద్దె భవనమైతే సరేసరి. ఏసీ కొనేది యజమాని, బిల్లు కట్టేది ప్రభుత్వం. కాబట్టి చవకరకం ఏసీ వస్తుంది.

ఇది చిల్లర వ్యవహారమేమీ కాదు. అమెరికాలో అందరికన్నా ఎక్కువ ఇంధనం వాడే సంస్థ ఏదో ఉక్కు కంపెనీ అనుకుంటాం. నిజానికి అది ఫెడరల్ ప్రభుత్వం. అందులో నాలుగింట మూడొంతులకు పైగా సైన్యం వాటా. ప్రపంచంలో వెలువడే కర్బన ఉద్గారాల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లో వచ్చిన ఒక అంచనా. ప్రైవేటు ఆసుపత్రులను పక్కన పెట్టినా మిగిలేది తక్కువేమీ కాదు. బడులు, కోర్టులు, నీటి సరఫరా, వీధిదీపాలు, బస్సు డిపోలు కలిపితే చాలా దేశాల్లో అతిపెద్ద వినియోగదారుల్లో ప్రభుత్వం ఒకటి.

దుబారా ఎక్కడుందో చూడాలంటే లైట్ల వంక కాదు, కింద మోటార్ల గదిలోకి వెళ్లాలి. పెద్ద భవనాలను చల్లబరిచే నీళ్ల పంపు ఒకటి పూర్తి వేగంతో తిరుగుతూ ఉంటుంది. దాని ముందు వాల్వు సగం మూసి ఉంటుంది. భవనం కట్టినప్పుడు, ‘ఎందుకైనా మంచిది’ అని ఇంజినీరు ఓ సైజు పెద్ద పంపు వేయిస్తాడు. తర్వాత అంత నీరు అక్కర్లేదని తేలుతుంది. వాల్వు తిప్పి బిగించేస్తారు, ఇరవై ఏళ్లు అలాగే నడుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కిపెట్టి బ్రేకుతో బండి వేగం తగ్గించడం లాంటిదిది. మోటారు వేగాన్నే తగ్గించే డ్రైవ్ పెడితే లెక్క మారిపోతుంది. ఫ్యాన్లు, పంపులు లాగే కరెంటు వేగం ఘనానికి (వేగం × వేగం × వేగం) అనుగుణంగా మారుతుంది. అంటే వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. ఎత్తుకు నీరెక్కించాల్సిన పంపుల్లో లాభం ఇంత ఉండదు కానీ, ఏసీ గాలి ఫ్యాన్లలో, పైపుల్లో చుట్టి తిరిగే నీటిలో దాదాపు ఇలాగే పనిచేస్తుంది. ఇలాంటి పరికరం పెట్టిన ఖర్చు చాలా సందర్భాల్లో కొన్నేళ్లలోనే తిరిగొచ్చేస్తుంది.

అయినా ఎందుకు పెట్టరు? టెండరు. ఎవరు తక్కువ ధర కోట్ చేస్తే వారికే ఆర్డరు. రోజంతా తిరిగే మోటారుకు దాని జీవితకాలంలో అయ్యే ఖర్చులో 90 శాతానికి పైగా కరెంటుదే, కొనుగోలు ధర అందులో పిసరంత. మన టెండర్లు ఆ పిసరంత దగ్గరే పోటీ పెడతాయి. జీవితకాల ఖర్చును లెక్కగట్టి కొనమని ఎన్నో దేశాల నిబంధనల పుస్తకాల్లో రాసే ఉంది. అయితే ఆడిట్ అభ్యంతరం వచ్చేది ఎక్కువ ధరకు కొన్నందుకే తప్ప ఎక్కువ కరెంటు లాగేది కొన్నందుకు కాదు. ఏ అధికారి ఎందుకు భయపడతాడో ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది, పైసా ఖర్చు లేనిది. ఏ కార్యాలయమైనా తన మీటరులో రాత్రి 2 గంటల రీడింగ్ చూసుకోవాలి. మనిషి లేని భవనంలో అప్పుడెంత కరెంటు వాడుతోందో అదంతా ఎందుకో సమాధానం చెప్పుకోవాలి. సర్వర్లు, ఫ్రిజ్‌లు, ఆసుపత్రి అయితే ఐసీయూ, సరే. మిగతాది? సెలవు రోజు కూడా తెల్లవార్లూ తిరిగే గాలి ఫ్యాన్లు, ఖాళీ ఆపరేషన్ థియేటర్‌లో పూర్తిస్థాయి వెంటిలేషన్, ఎప్పుడో ఎవరో మార్చి మరిచిపోయిన టైమర్. స్మార్ట్ మీటర్లు వచ్చిన చోట అరగంటకోసారి లెక్క దొరుకుతోంది. దాన్ని తెరిచి చూసేవారే లేరు, ఎందుకంటే చూసినా వారికి ఒరిగేదేమీ లేదు.

చూస్తే ఒరిగేలా చేసిన ఊళ్లున్నాయి. జర్మనీలోని హాంబర్గ్ నగరం 1994లో బడులతో ఒక ఒప్పందానికి వచ్చింది. మీరు కరెంటు, వేడి, నీరు ఆదా చేయండి, ఆదా అయిన సొమ్ములో సగం మీ బడికే వదిలేస్తాం అంది. పేరే ‘ఫిఫ్టీ-ఫిఫ్టీ’. పిల్లలు థర్మామీటర్లు పట్టుకుని గదులు తిరిగారు, రాత్రిళ్లు హీటర్లు దించారు. కొత్త యంత్రాలేవీ అవసరం లేని పద్ధతి అది. తర్వాత యూరప్‌లో చాలా ఊళ్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. మరుసటి ఏడాదే స్టట్‌గార్ట్ నగరం ఇంకో అడుగు ముందుకేసింది. ఆ నగర పర్యావరణ విభాగం సొంతంగా ఓ నిధి పెట్టుకుని, మిగతా శాఖల భవనాల్లో మార్పులకు ముందే వడ్డీ లేకుండా డబ్బిస్తుంది. తగ్గిన బిల్లులోంచి ఆ శాఖ ఏటా తిరిగి కడుతుంది. తిరిగొచ్చిన డబ్బు తర్వాతి భవనానికి పోతుంది. బయటి కాంట్రాక్టరు, బ్యాంకు, పాతికేళ్ల ఒప్పందాలు, వాటి కోర్టు గొడవలు, ఏవీ లేవు. పద్దుల మధ్య గోడ ఒక్కటి కూలగొట్టారంతే.

గోడ అలాగే ఉంచి పైన పథకాలు పేర్చితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలకూ కొదవలేదు. భారత్‌లో 2015 జనవరిలో మొదలైన జాతీయ వీధిదీపాల కార్యక్రమం పనిలో నిజంగా గొప్ప విజయం. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ముందు తన డబ్బు పెట్టి 1.3 కోట్లకు పైగా ఎల్‌ఈడీ దీపాలు బిగించింది. తగ్గిన కరెంటు ఖర్చులోంచి పురపాలక సంఘాలు విడతలుగా కట్టాలన్నది ఒప్పందం. దీపాలు వెలిగాయి, కరెంటూ తగ్గింది. ఆదా అయిన సొమ్ము మాత్రం ప్రత్యేక ఖాతాలో పడలేదు. జీతాలు, చెత్త, రోడ్ల గుంతల్లో కలిసిపోయింది. బకాయిలు పేరుకుపోయాయి. ఆ సంస్థ అప్పుల్లో కూరుకోవడానికి ఇదీ ఒక కారణం. బ్రిటన్‌ది వేరే దారి. 2020లో ప్రభుత్వ రంగ భవనాల కోసం భారీ గ్రాంట్ల పథకం తెచ్చింది, బడులు, ఆసుపత్రులు గ్యాస్ బాయిలర్లు తీసి హీట్ పంపులు పెట్టుకున్నాయి. 2025 జూన్‌లో సర్కారు లెక్కలు చూసుకుని, 2028 తర్వాత కొత్త నిధులు ఉండవని చెప్పేసింది. భవనాల ఉద్గారాలను 2037 నాటికి 75 శాతం తగ్గించాలన్న లక్ష్యం ఇంకా కాగితం మీదుంది. దాతృత్వం మీద ఆధారపడిన పొదుపు దాత మనసు మారినప్పుడు ఆగిపోతుంది. తన ఆదాతో తానే నడిచే నిధికి ఆ బెంగ లేదు.

ఆర్థిక శాఖ అభ్యంతరం ఏమిటో మాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయడం లేదు. ఖజానా డబ్బు ఖజానాకే చేరాలి, ఒక శాఖ ఆదా ఇంకో శాఖ అవసరం తీర్చాలి అంటుంది. న్యాయమే. అడుగుతున్నది కూడా మొత్తం కాదు, సగం. పైగా ఎప్పటికీ కాదు, ఐదేళ్లో ఆరేళ్లో. అప్పటికి ఖజానాకు ఏటా మిగిలేది ఇప్పుడు దక్కుతున్న సున్నా కన్నా ఎక్కువే. ఇంకో అనుమానం కాస్త గట్టిది: నిజంగా ఆదా అయిందా, ఊరికే లెక్కల్లో చూపించారా? ఎండ తగ్గిన ఏడాది బిల్లు దానంతటదే తగ్గుతుంది. పడకలు తగ్గితే తగ్గుతుంది. అందుకే పోల్చే సంవత్సరాన్ని ముందే ఖరారు చేసి, వాతావరణం, పని ఒత్తిడి సర్దుబాటు చేసి లెక్కగట్టే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఐపీఎంవీపీ అనే అంతర్జాతీయ కొలత, నిర్ధారణ పద్ధతి పనే ఇది.

బిల్లులో కనబడని ఉద్గారాల సంగతి వేరు. చాలా ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో లీకైతే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. భారత్ గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోలు వెలువడుతుంది కాబట్టి, ఆ ఒక్క కిలో దాదాపు 3 వేల యూనిట్లతో సమానం. ‘గ్యాస్ నింపాం’ అని మెకానిక్ రాసే రసీదు వెనక ఎంతుందో ఇప్పుడు చూడండి. ఆసుపత్రుల్లో మత్తు కోసం వాడే డెస్‌ఫ్లూరేన్ ఇంకా ఘోరం, కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 2,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. స్కాట్లాండ్ ప్రభుత్వ వైద్య సేవలు 2023లో, ఇంగ్లండ్ 2024లో దాన్ని వదిలేశాయి. రోగులకు నష్టం లేకుండానే, బదులు మందులతో పని జరుగుతోంది. ఇక్కడ డబ్బు ప్రోత్సాహం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఉత్తర్వులకూ చోటుంది మరి. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలన్నీ కలిపి 2021తో పోలిస్తే ఏటా 1.9 శాతం ఇంధన వాడకం తగ్గించాలి, ఏటా తమ భవనాల విస్తీర్ణంలో 3 శాతాన్ని బాగుచేయాలి. చిన్న ఊళ్లకు గడువు ఎక్కువిచ్చారు, సైన్యాన్ని లెక్క నుంచి తప్పించే వెసులుబాటూ ఇచ్చారు. ఈ చివరిది మాకు నచ్చలేదు, అతిపెద్ద వాడకందారు లెక్కలోంచి తప్పుకోవడం ఏ పద్ధతి? ఇంగ్లండ్, వేల్స్‌ల్లో 250 చదరపు మీటర్లు దాటిన, జనం తరచూ వచ్చిపోయే ప్రభుత్వ భవనాలు తమ అసలు వాడకాన్ని బట్టి ఏ నుంచి జీ దాకా వచ్చిన గ్రేడును గుమ్మం దగ్గర పెట్టాలి. జీ వచ్చిన కార్యాలయం ముందు జనం నవ్వుకుంటూ వెళ్లినా అదో రకం ఒత్తిడే.

ఒక్క హెచ్చరిక. వార్డులో ఏసీ ఆపి, తరగతి గదిలో ఫ్యాన్లు తగ్గించి చూపించేది సామర్థ్యం కాదు, పేదలపై భారం. జపాన్ 2005లో ‘కూల్ బిజ్’ పేరుతో వేసవిలో ఏసీని 28 డిగ్రీల దగ్గర పెట్టమంది. దానితోపాటే టై, కోటు తీసేయొచ్చంది. కోటు వేసుకునే తీరాలని పట్టుబట్టి, ఆ కోటు కోసం గది మొత్తాన్ని 20 డిగ్రీలకు చల్లబరిచే కార్యాలయాలు మన కళ్లముందే ఉన్నాయి, ఆ అలవాటుకు ఏ పరికరమూ మందు కాదు.

కొత్త మిషన్, కొత్త లోగో మాకు అక్కర్లేదు. వచ్చే బడ్జెట్‌లో ఆర్థిక శాఖ మూడు పంక్తుల నిబంధన ఒకటి చేర్చాలి: నిర్ధారించిన ఇంధన ఆదాలో సగం, ఐదేళ్లపాటు, ఆదా చేసిన సంస్థ ఖాతాలోనే ఉండాలి, అది మురిగిపోకూడదు, దాన్ని చూపి మరుసటి కేటాయింపు తగ్గించకూడదు. ప్రతి కార్యాలయానికీ తన బిల్లు తానే చూసుకునే హక్కు ఇవ్వాలి. మొదట ఓ వంద ఆసుపత్రులు, బడులతో మొదలుపెట్టినా చాలు. తొలి ఏడాది లెక్కలు వచ్చాక, మిగతా సంస్థల అధిపతులే ఫైలు పట్టుకుని ఆర్థిక శాఖ గుమ్మం ముందు నిలబడతారు.