మోకాళ్ళ మీద హక్కు ఎవరిది?

తిరుపతి ఎండలో జీన్స్ వేసుకోవడం దేశద్రోహం కాకపోవచ్చు గానీ దేహద్రోహం మాత్రం ఖచ్చితంగా అవుతుంది, అందుకే సమాజ శ్రేయస్సు కోరి నేను ఇంట్లోనే ఒక కిల్ట్, అంటే స్కాట్లాండ్ మగాళ్ళు నడుం నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ గుడ్డ, కుట్టుకున్నా. స్కాట్లాండ్ వాళ్ళ అసలు సరుకు ఉన్నిది, 8 గజాల దాకా గుడ్డ పడతది, మే నెలలో అది కట్టుకుని గాంధీ రోడ్డులో నడిస్తే మనిషి ఇడ్లీ అయిపోతాడు. కాబట్టి లుంగీ గళ్ళున్న నూలు గుడ్డ 4 గజాలు తెచ్చుకున్నా. గళ్ళు గళ్ళే కదా.

ముందర చదునుగా రెండు పొరలు ఒకదాని మీద ఒకటి, కుచ్చిళ్ళన్నీ వెనక. మన పంచెకి కుచ్చిళ్ళు ముందు, వాళ్ళకి వెనక, రెండు నాగరికతలకీ తేడా ఇంతే అని నా పరిశోధనలో తేలింది. ఒక్కో కుచ్చికి బయటికి కనబడేది 1 అంగుళం, లోపల దాక్కునేది 4, అచ్చం పెళ్ళి ఖర్చు లెక్క. 20 కుచ్చిళ్ళకే 100 అంగుళాలు ఖతం. మొదటిసారి నడుం దగ్గర మాత్రమే కుట్టేసి మేడ మీదికి పోయా, ఒక్క గాలి వచ్చింది, గొడుగు విచ్చుకున్నట్టు విచ్చుకుంది, పక్క మేడ మీద వడియాలు పెడుతున్న పెద్దమ్మ దండం పెట్టి లోపలికి పోయింది. కుచ్చిళ్ళని నడుం నుంచి పిరుదుల దాకా కుట్టి పడెయ్యాలంట! ఆ మందానికి 14 నంబర్ సూది టక్కున విరిగింది, 18 వేస్తే గానీ దిగలేదు.

స్కాట్లాండ్ కొండల్లో తిరుగుబాటు అణిచాక, 1746లో బ్రిటిష్ పార్లమెంటు అక్కడి మగాళ్ళు కిల్ట్ కట్టకూడదని చట్టం చేసింది, సైన్యంలో ఉన్నోళ్ళకి తప్ప. ఎత్తేసింది 1782లో. పార్లమెంటుకి చర్చలు గట్రా కావాలి, మా అమ్మకి అవేం అక్కర్లేదు. "ముందు ఆ లంగా ఇప్పురా" అనింది. ఉతికి దండెం మీద ఆరేస్తే ఎదురింటామె వచ్చి "పాపది ఏ కాన్వెంటు?" అని అడిగింది. నాకింకా పెళ్ళే కాలేదు.

అయినా తలకోన పోయేదానికి కట్టుకునే బయల్దేరినా. దార్లో టీ అంగడి దగ్గర లుంగీని తొడల దాకా ఎగ్గట్టిన ఒకాయన నా మోకాళ్ళ దాకా ఉన్న కిల్ట్‌ని చూసి పొర్లి పొర్లి నవ్వి, "అన్నా, లోపల ఏమన్నా ఏసుకున్నావా?" అన్నాడు.

"నువ్వు?" అన్నా.

గ్లాసు కింద పెట్టి, లుంగీ దించుకున్నాడు.