రానీ... రానీ... రానీ!

నిన్న రాత్రి సంగతి. ఒళ్లు ఇంకా మండుతోంది కాబట్టి వేడి మీదే రాసేస్తున్నా.

చీమకుర్తిలో రెండు గ్రానైట్ రాళ్లు ట్రైలర్‌కి ఎక్కించుకుని కృష్ణపట్నం పోర్టుకు బయలుదేరాను. ఒంగోలు దాటగానే ఆఫీసు నుంచి ఫోను. పోర్టు దగ్గర లైను పెద్దగా ఉందట, తెల్లారేదాకా దారిలో ఎక్కడన్నా ఆపుకోమన్నారు. సింగరాయకొండ దాటాక ఒక దాబా వెనక ఖాళీ స్థలంలో పెట్టాను. రోహిణి కార్తె. ఆకు కదిలితే ఒట్టు. కదిలేవి దోమలొక్కటే.

నాది కొత్త బండి, ఏసీ ఉంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం రూలు పెట్టింది. బండి చేతికొచ్చిన రోజు మా ఆవిడ ఎక్కి చూసి, "ఇంక ఇంటికేం వస్తావులే" అంది. ఆమెకు తెలియనిదేమిటంటే, ఇంజన్ తిరిగితేనే ఆ ఏసీ తిరుగుతుంది. బండి నిలబెట్టి అయిదు నిమిషాలకు మించి స్టార్టింగులో ఉంచితే అద్దం దగ్గర కంపెనీ బిగించిన జీపీఎస్ పెట్టె కుయ్యోమంటుంది. ఆ తర్వాత అందులోంచి ఒకావిడ హిందీలో తిడుతుంది. ఆ తిట్టు హైదరాబాదులో కంట్రోల్ రూముకు చేరి, నెలాఖరుకు జీతంలో కోతగా తిరిగొస్తుంది. ఏసీ ఇచ్చింది ప్రభుత్వం, స్విచ్చి లాక్కుంది కంపెనీ.

కంపెనీ లెక్క తప్పని నేననను. ఏసీ వేసుకుని స్టార్టింగులో ఉంచితే గంటకు రెండు లీటర్లయినా తాగుతుంది. రాత్రంతా అంటే పదహారు లీటర్లు, వెయ్యిన్నర రూపాయలు. కానీ దాబాలో టీ తాగుతున్న డ్రైవర్లను కదిలించి చూడండి. దూరం తోలొచ్చి వెంటనే ఆపితే టర్బో పాడవుతుంది, ఒకటి రెండు నిమిషాలు తిరగనివ్వమని షోరూమువాడే చెప్తాడు. సైలెన్సర్‌లో మసి పేరుకుంటే బీఎస్-6 బండి తనంతట తనే లైటు వెలిగించి, నిలబెట్టి రీజనరేషన్ చేయమంటుంది, అంటే ఇంజన్ తిరగనిచ్చి ఆ మసి కాల్చేయడం. అది అరగంట పని. ఆ అరగంటా పెట్టెలో ఆవిడ తిడుతూనే ఉంటుంది. బండి అడిగితే చేశామమ్మా అంటే కంట్రోల్ రూములో నమ్మేవాడు లేడు.

ఇదంతా విని కావలి ఊరి డ్రైవరు బాబాయ్ ఒకాయన నవ్వాడు. "ఆ పెట్టె చూసేది బండి నిలబడిందా లేదా అనేగా. నాలుగు నిమిషాలకోసారి ఇరవై అడుగులు ముందుకు పో, వెనక్కి రా. లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుద్ది."

"మరి నిద్ర ఎప్పుడు పోవాలి బాబాయ్?"

"మధ్యలో."

ఫోనులో అలారం పెట్టుకున్నాను. ఏసీ వేశాను, అద్దాలు ఎత్తాను. స్వర్గం. అలారం మోగితే ముందుకు పోయాను. పెట్టె నోరు మూసుకునే ఉంది. మళ్లీ మోగితే వెనక్కి వచ్చాను. అక్కడే వచ్చింది చిక్కంతా.

మన రోడ్ల మీద లారీ రివర్స్ హారన్ వినపడితే చాలు, ఎక్కణ్ణుంచో ఒక మనిషి పుట్టుకొస్తాడు. అర్ధరాత్రి అయినా, అడవి అయినా సరే. వాడికి ఆ లారీతో సంబంధం ఉండదు, డ్రైవరు ఎవరో తెలియదు. లుంగీ పైకి కట్టి, గాలిలో చెయ్యి ఊపుతూ "రానీ... రానీ..." అంటాడు. నిద్రలో ఉన్నా లేచొస్తాడు, చేతిలో కంచం ఉన్నా కింద పెట్టి వస్తాడు. ఆ చెయ్యి చూసి తోలితే గోడకు తగులుతుందని పుట్టిన ప్రతి డ్రైవరుకూ తెలుసు. అయినా ఎవరూ కాదనరు. అదొక మర్యాద.

నాకొచ్చినాయన దాబా బయట మంచం మీద పడుకున్న పెద్దాయన. లేచొచ్చి బండి బాడీ మీద రెండు దెబ్బలు కొట్టబోయాడు. రాళ్ల ట్రైలర్‌కి బాడీ ఎక్కడుంటుంది? గ్రానైట్ మీదే కొట్టాడు. చెయ్యి విదిలించుకుంటూ "రానీ" అన్నాడు. వచ్చాను. "హోల్డాన్" అన్నాడు. ఆగాను. ఆయన సంతోషంగా పోయి పడుకున్నాడు.

నాలుగు నిమిషాలకు నేను ముందుకు పోయాను. ఆయన లేచి కూర్చున్నాడు. ఇంకో నాలుగు నిమిషాలకు హారన్ మోగింది. మళ్లీ వచ్చాడు. "లెఫ్ట్ కొయ్... సీదా చెయ్... రానీ..." ఆ తర్వాత వంటమాస్టరు గరిటెతో సహా వచ్చి కుడివైపు నిలబడ్డాడు. ఒకాయన రైట్ కొట్టమంటే ఇంకొకాయన లెఫ్ట్ అంటాడు. నేను ఎటూ కొట్టకుండా తిన్నగా వెనక్కి వస్తున్నా. దానికి ఇద్దరికీ కోపం.

తిరుపతి పోయే కారొకటి టీ కోసం ఆగింది. అందులో పిల్లాడు, "నాన్నా, ఆ లారీ ఎందుకట్లా చేస్తోంది?" అన్నాడు. "నేర్చుకుంటున్నాడమ్మా" అన్నాడు వాళ్ల నాన్న. ట్రైలర్ రివర్స్ అంటే తెలుసా అండీ? స్టీరింగ్ కుడికి తిప్పితే వెనక భాగం ఎడమకు పోతుంది. ఆ విద్య కోసం క్లీనరుగా ఎన్ని తిట్లు తిన్నానో. నేను నేర్చుకుంటున్నానట!

అద్దం దించి, "నేను పెట్టుకోవట్లేదు, ఊరికే కదుపుతున్నా" అన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వంటమాస్టరు దగ్గరకొచ్చి, "అన్నా, ఒక్కసారి ఊదు" అన్నాడు. ఊదాను. "మందు వాసనైతే లేదు" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. అందుకు వాళ్లకు జాలి ఇంకా ఎక్కువైంది.

అప్పుడొచ్చాడు రొయ్యల బండి కుర్రాడు. మీసాలు సరిగా రాలేదు. "దిగన్నా, నేను పెడతా." ఏసీ కోసం, కోత కోసం, కావలి బాబాయ్ కోసం అని ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? బాబాయ్ ఎప్పుడో వెళ్లిపోయాడు. దిగాను. ఆ కుర్రాడు ఎక్కి, ఒక్క కటింగులో వేపచెట్టు పక్కన తీసుకొచ్చి పెట్టాడు. నిజం చెప్పాలంటే బాగా పెట్టాడు. హ్యాండ్‌బ్రేక్ ఫుస్సుమంది. ఇంజన్ ఆపి, దిగి, తాళం నా చేతిలో పెట్టాడు. కారులో పిల్లాడు చప్పట్లు కొట్టాడు.

పెద్దాయన తన మంచం నాకిచ్చాడు. దోమలు కూడా ఇచ్చాడు.

ఆరు కాకముందే కంట్రోల్ రూము కుర్రాడి ఫోను. "ఐడ్లింగ్ సున్నా, వెరీ గుడ్" అన్నాడు, అంటే బండి నిలబెట్టి ఇంజన్ తిప్పింది లేదని. నేను థాంక్స్ చెప్పేలోపే, "కానీ రాత్రి బండి ఒకే చోట ముందుకీ వెనక్కీ తిరిగింది. తాళం తీసి తోలిందెవరు? లోడు ఎక్కడన్నా దించారా?" అన్నాడు. ముప్పై టన్నుల రాయి దాబాలో ఎవరికి దించుతాను నాయనా అన్నాను. అవన్నీ తనకు తెలియదట. రాళ్ల మీద వేసిన నంబర్లు కనపడేట్టు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేదాకా బండి కదలకూడదట.

మొదటి రాయి ఫోటో పెట్టాను. రెండో రాయి నంబరు అడుగువైపు ఉంది. తిప్పి తీయమంటున్నాడు.