పదకొండు రెక్కల సంబంధం

పెళ్లి సంబంధాల మీద జరిగే చర్చలో పదో వంతు కూడా మన దేశంలో లారీ ఫేన్ మీద జరగడం లేదు. అబ్బాయి జీతం, గోత్రం, మేనత్త స్వభావం దాకా ఆరా తీసే మనం, యాభై టన్నుల ట్రెయిలర్‌ను కొండెక్కించే ఇంజిన్‌కు ఫేన్ కుదిర్చేటప్పుడు మాత్రం "చప్పుడు గట్టిగానే ఉంది, ఖాయం చేసేద్దాం" అని తాంబూలాలు పుచ్చేసుకుంటున్నాం. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో కూర్చుని ఈ అన్యాయాన్ని ఇక చూస్తూ ఊరుకోలేను. పైగా మా బావ ట్రెయిలర్‌లో నాకు నాలుగో వంతు వాటా ఉంది. లాభంలోనే నాలుగో వంతు. టెన్షన్‌లో పూర్తి వాటా.

మా బండి విశాఖ వైపు నుంచి ఇనుము వేసుకొచ్చి సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంది. ఈ జాతీయ రహదారికి 26 అని కొత్త నంబరు ఇచ్చి చాలా ఏళ్లయినా, మా డ్రైవరు ఇప్పటికీ 43 అనే అంటాడు. నంబరు ఏదైనా కొండ తగ్గలేదు. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. సాలూరు నుంచి లెక్కేస్తే ఏడు వందల యాభై మీటర్ల ఎక్కుడు. 2018లో కేంద్రం యాక్సిల్ లోడ్లు, అంటే ఒక్కో ఇరుసు మీద వేయదగ్గ బరువు, పెంచి, పెద్ద ట్రెయిలర్ల పరిమితిని 49 టన్నుల నుంచి 55కి తీసుకెళ్లింది. 55 టన్నులను అంత ఎత్తుకు లేపాలంటే, రోడ్డు రాపిడి సంగతి పక్కన పెట్టినా, సుమారు 110 యూనిట్ల కరెంటుతో సమానమైన పని. మా ఇంట్లో నెల బిల్లు అది. మా బండి దాన్ని ఒక్క పూటలో ఖర్చు పెట్టేస్తుంది. కాస్త అటూ ఇటూగా అంతే వేడి ఇంజిన్ నీళ్లలోకి దిగి, ఆ నీళ్లను గాలితో చల్లబరిచే రేడియేటర్ దగ్గరకొచ్చి "నన్ను బయట పడేయండి" అంటుంది. చదును రోడ్డు మీద అరవైలో పోతుంటే ఎదురుగాలే ఆ పని చేసిపెడుతుంది, ఫేన్‌కు పెద్దగా పనుండదు. ఘాట్‌లో బండి నడిచేది ఎద్దుబండి కంటే కాస్త మెరుగు. ఎదురుగాలి ఉండదు, ఉన్న గాలి కూడా పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అక్కడ ఫేనే దిక్కు.

మొన్న ఎండల్లో మా బండి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత ముట్టుకుంది. డ్యాష్‌బోర్డు మీద రాయగడ మజ్జిగౌరమ్మ ఫొటో, బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కాబట్టి తప్పు ఫేన్‌దేనని అందరం తేల్చాం.

బావ ఇంటి పెరట్లో సభ కూర్చుంది. మేస్త్రి బీడీ ఆర్పి, ఉన్న ఫేన్ రెక్కలు లెక్కపెట్టాడు.

"ఎనిమిదే ఉన్నాయి బాబూ. పదకొండు రెక్కలది ఏయించండి. ఏటీ అవదు ఇక."

పదకొండే ఎందుకని నేను అడగలేదు. నూట పదహార్లు ఎందుకని పురోహితుణ్ణి అడుగుతామా? రెక్కలు పెరిగినంత మాత్రాన ఆ లెక్కన గాలి పెరగదు. ఫేన్ వ్యాసం, రెక్క ఏటవాలు, తిరిగే వేగం ఇవన్నీ కలిస్తేనే గాలి. కానీ వ్యాసం పైకి కనబడదు, రెక్కలు కనబడతాయి. వేలు పెట్టి లెక్కపెట్టగలిగినదాని మీదే మన జాతికి నమ్మకం.

కొత్త ఫేన్ వచ్చింది. అసలు తగాదా అప్పుడు మొదలైంది. మా బండి ఫేన్ మధ్యలో ఒక గుండ్రటి క్లచ్ ఉంటుంది. దాని ముఖాన జిలేబీలాంటి లోహపు చుట్ట. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ఆ జిలేబీ మెలి తిరిగి, లోపల ఒక తలుపు తీస్తుంది. అప్పుడు చిక్కటి సిలికాన్ నూనె గాడుల్లోకి పారి, ఫేన్‌ను పట్టుకుని ఇంజిన్‌తో పాటు తిప్పుతుంది. చల్లబడితే వదిలేస్తుంది, ఫేన్ నెమ్మదిగా జారుతూ తిరుగుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే వేడి తగిలితే గానీ కదలని యంత్రం. ఆఫీసుల్లో ఫైళ్లు కదిలే పద్ధతి తెలిసిన మనకు ఇది అర్థం కావడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

మా డ్రైవరుకు మాత్రం ఈ జిలేబీ మీద నమ్మకం లేదు. చల్లటి పూట ఫేన్ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందట, అంటే చచ్చిందనే అర్థమట. "బోల్టేసి డైరెక్ట్ చేయించండి ఓనరు గారూ, చప్పుడు వినబడితే నాకు గుండె నిబ్బరంగా ఉంటాది" అన్నాడు. బావ గుండె ఇంకో చోట ఉంది, డీజిల్ ట్యాంకులో. ఇంజిన్ పాడైతే మాటలు పడేది డ్రైవరు, డీజిల్ తాగితే డబ్బు కట్టేది ఓనరు. ఫేన్ ఎవరి పరిధిలోకి వస్తుంది? మా పక్కనే కొఠియా గ్రామాలున్నాయి. మావంటే మావని ఒడిశా, ఆంధ్రా పడే తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది, ఇప్పటికీ అక్కడి జనం అటు ఓటూ వేస్తారు, ఇటు ఓటూ వేస్తారు. మా ఫేన్ సరిహద్దు తగాదా అంత దూరం వెళ్లకుండా డ్రైవరు సాలూరులో క్లచ్‌కు బోల్టు వేయించేశాడు. ఇక వేడున్నా లేకున్నా ఫేన్ ఇంజిన్‌తో పాటు తిరగాల్సిందే.

ఫేన్‌తో చిక్కేమిటంటే, వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లు. పెద్ద లారీ ఫేన్ పూర్తి వేగంలో ముప్పై నలభై హార్స్‌పవర్ దాకా మింగుతుంది. పాత మారుతి 800 ఇంజిన్ మొత్తం శక్తి 37. అంటే మా బావ జయపురం నుంచి విజయనగరం దాకా, దిగుడులోనూ చదునులోనూ, తెల్లవారుజాము చలిలోనూ బానెట్ కింద ఒక మారుతి కారును ఊరికే నడిపిస్తున్నాడు. అందులో ఎవరూ ఎక్కరు. ఆ నెల డీజిల్ పద్దు చూసి అక్క "ఈ ఫేన్‌కు కట్నం ఎంతిచ్చారు?" అని అడిగింది.

ఈలోగా బీటెక్ చదివే మేనల్లుడు సెలవులకు దిగాడు. "కార్లకు ఎప్పుడో కరెంటు ఫేన్లు వచ్చేశాయి మావయ్యా, మీరింకా బెల్టు కాలంలోనే ఉన్నారు" అన్నాడు. కుర్రాడి ముఖంలో వెలుగు చూస్తే కాదనబుద్ధి కాలేదు. లెక్క మాత్రం కాదంది. లారీలో ఉండేది 24 వోల్టుల వ్యవస్థ. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వంద ఆంపియర్లది అనుకున్నా, ఛార్జింగ్ 28 వోల్టుల దగ్గర మూడు కిలోవాట్లు కూడా రాదు. ఘాట్‌లో ఫేన్ అడిగేది ఇరవై పైమాటే. మూడు కుంచాల బియ్యం వండి ఇరవై కుంచాల జనాన్ని పిలిచినట్టు. వాడు ఫోను జేబులో పెట్టుకుని "బ్యాటరీలు పెంచితే?" అన్నాడు. సరుకు దించేసి బ్యాటరీలు ఎక్కిద్దామని బావ అన్నాడు. అది వెటకారమని వాడికి మర్నాటి దాకా తెలియలేదు.

ఇక్కడ రేడియేటర్ గోడు కూడా ఒకటి వినిపించాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచి పనే, ఇన్నేళ్లకు డ్రైవరుకు కాస్త చల్లగాలి. కాకపోతే ఏసీ కండెన్సర్ సాధారణంగా ముందు వరుసలో కూర్చుంటుంది. దాని వెనక, టర్బో ఇంజిన్‌లోకి దట్టించే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్. రేడియేటర్‌ది మూడో బంతి. మొదటి రెండు బంతులూ చల్లగాలి తినేసి లేచాక మిగిలిన వేడి వడ్డన దానికి. మా బండి పాతది కాబట్టి ఏసీ లేదు, రేడియేటర్‌ది రెండో బంతే. అయినా ఇంటర్‌కూలర్‌కూ దానికీ మధ్య సందులో ఎర్రమట్టి, వరిగడ్డి, రెండు సీతాకోకచిలుకలు ఇరుక్కుని ఉన్నాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొడితే అరగంటలో పోయే మురికి అది. కానీ కడగడంలో గౌరవం లేదు. కొత్త ఫేన్ కొన్నామంటే నలుగురికీ చెప్పుకోవచ్చు.

డీజిల్ ఆదా అని బావ ఫోనులో ఇచ్చే సలహా ఒకటుంది, "పెద్ద గేరులోనే లాగించు." బెల్టుతోనో గేర్లతోనో తిరిగే ఫేన్, నీళ్ల పంపు రెండూ ఇంజిన్ వేగాన్ని బట్టే తిరుగుతాయి. ఎక్కుడులో పెద్ద గేరులో ఇంజిన్‌ను మూలిగిస్తే, వేడి ఎక్కువ ఉన్నప్పుడే ఫేన్ తూగుతుంది. ఈ ముక్క బావకు చెప్పాను. నాలుగో వంతు వాటాదారు నాలుగో వంతే మాట్లాడాలన్నాడు.

ఇంతా అయ్యాక కూడా పోయిన వారం ఘాట్‌లో నీళ్లు మళ్లీ మరిగాయి. పదకొండు రెక్కలు, డైరెక్ట్, విమానమంత చప్పుడు. అన్నీ ఉన్నాయి, ముల్లు మాత్రం ఎర్ర గీత మీదే. బండి పెరట్లోకి వచ్చాక నేను టార్చి పట్టుకుని క్యాబిన్ కింద తల పెట్టాను. ఫేన్ ఉంది, రేడియేటర్ ఉంది. రెంటికీ మధ్య ఖాళీ. ఫేన్ చుట్టూ గుండ్రంగా ఉండాల్సిన కవర్, కొందరు ష్రౌడ్ అంటారే, అది లేదు. రెక్కలు సుమారు సగం దానిలోపల ఉండాలి, రెక్క చివరకూ దానికీ వేలి మందం సందు చాలు. అప్పుడే ఫేన్ లాగే గాలి మొత్తం రేడియేటర్ గుండా వస్తుంది. అది లేకపోతే రెక్కలు ఎన్నున్నా ఇంజిన్ పక్కనున్న వేడిగాలినే గిరగిరా తిప్పుకుంటూ కూర్చుంటాయి.

"కవర్ ఏదయ్యా?" అని మేస్త్రిని అడిగాను.

"నిరుడు రేడియేటర్ దింపినప్పుడు అడ్డొస్తే తీశాం బాబూ. మళ్లీ బిగిద్దామనే పెరట్లో పెట్టాను."

నిజమే, పెరట్లోనే ఉంది. జామచెట్టు కింద, గోడకు ఆనించి, అడుగున గోనెసంచీ, మీద గడ్డి. మధ్యలో అక్క పెంచే నల్లకోడి రెక్కలు పరుచుకుని పొదుగుతోంది. నేను చెయ్యి పెట్టబోతే వేలు పొడిచింది. పన్నెండు గుడ్లు. అక్క గుమ్మంలోంచే కేకేసింది, ఇరవై ఒక్క రోజులు నిండేదాకా ఆ కవర్‌ను ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోనని.

ఇప్పటికి పదకొండు రోజులయ్యాయి. బావ లెక్క చూసుకుని, ఇంకో పది రోజులు సుంకి దగ్గర రెండు డబ్బాల నీళ్లు ఉంచుకోమని డ్రైవరుకు ఫోన్ చేశాడు.